మసకలో మిగిలే అర్థం: బుద్ధిపూర్వక కెమెరా చలనం – ధ్వని, ఔచిత్య సిద్ధాంతాల దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

షట్టర్ తెరచి ఉన్న సమయంలో కెమెరాను కావాలని కదిలించి, దృశ్యాన్ని మసకబరచి చిత్రించే పద్ధతిని బుద్ధిపూర్వక కెమెరా చలనం అంటారు. ఈ పద్ధతిలో వచ్చిన చిత్రాలను మెచ్చుకోవడానికి 'స్వప్నసదృశం', 'చిత్రలేఖనంలా ఉంది' వంటి మాటలు తరచుగా వినిపిస్తాయి. ఇవి ప్రశంసలే గాని ప్రమాణాలు కావు. ఏ మసక సార్థకం, ఏ మసక కేవలం అలంకారం అని తేల్చడానికి ఆనందవర్ధనుని ధ్వని సిద్ధాంతమూ, క్షేమేంద్రుని ఔచిత్య విచారమూ ఉపకరిస్తాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ ప్రమాణాలతో ఎర్న్‌స్ట్ హాస్ 1956లో స్పెయిన్‌లోని పాంప్లోనాలో తీసిన బుల్‌ఫైట్ చిత్రాన్ని ప్రధానంగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఛాయాచిత్రకళ, కెమెరా చలనం, మసక, ధ్వని, గుణీభూతవ్యంగ్యం, చిత్రకావ్యం, ఔచిత్యం, ఎర్న్‌స్ట్ హాస్.

1. ఉపోద్ఘాతం:

అమెరికాకు చెందిన 'లైఫ్' పత్రిక 1957లో ఎర్న్‌స్ట్ హాస్ తీసిన బుల్‌ఫైట్ చిత్రాలను ప్రచురించింది. క్రూరమైన ఒక కళలోని సౌందర్యం అని అర్థం వచ్చే శీర్షికను వాటికి పెట్టింది. ఆ శీర్షికలోనే ఒక చిక్కు ఉంది. క్రౌర్యమూ సౌందర్యమూ ఒకే చిత్రంలో ఉన్నప్పుడు మసక ఏ పక్షాన నిలుస్తుంది? జంతువు పడే బాధను అది మరింత లోతుగా అనుభవింపజేస్తుందా, లేక రంగుల పూతతో కప్పివేస్తుందా?

ఛాయాచిత్రానికి మొదటినుంచీ స్పష్టతే గుణమనీ, మసక దోషమనీ ఒక అభిప్రాయం స్థిరపడింది. చేయి వణికితే చిత్రం చెడిపోయిందనుకోవడం ఇప్పటికీ సామాన్యమే. ఆ దోషాన్నే గుణంగా మలచుకున్న కళాకారులు ఇరవయ్యవ శతాబ్దమంతటా కనిపిస్తారు. దోషం గుణమయ్యే సందర్భాలను మన ఆలంకారికులు చాలా సూక్ష్మంగా చర్చించారు. పునరుక్తి సాధారణంగా దోషం. ఉన్మత్తుని మాటల్లోనో, భయసంభ్రమాల్లోనో అదే గుణం. కాబట్టి మసక ఎప్పుడు గుణమవుతుందన్న ప్రశ్న అలంకారశాస్త్రం తెలిసినవారికి కొత్తది కాదు. ఆ పాత ప్రశ్నను కొత్త మాధ్యమం ముందు పెట్టడమే ఈ వ్యాసం చేస్తున్న పని.

2. మసకల్లోని భేదాలు:

విమర్శకు ముందు పదార్థ వివేచన అవసరం. ఛాయాచిత్రంలో మసక ప్రధానంగా మూడు కారణాల వల్ల ఏర్పడుతుంది.

మొదటిది ఫోకస్ తప్పడం వల్ల కలిగేది. ఇక్కడ ప్రతి బిందువూ అన్ని దిక్కులకూ సమానంగా వ్యాపించి ఒక చిన్న వృత్తమవుతుంది. రెండవది వస్తువు కదలడం వల్ల కలిగేది. కెమెరా స్థిరంగా ఉంటుంది. కదిలినది మాత్రమే చెదురుతుంది. మూడవది కెమెరా కదలడం వల్ల కలిగేది. ఇందులో ప్రతి బిందువూ కెమెరా నడిచిన దారిని గీతగా గీస్తుంది. కెమెరాను అడ్డంగా తిప్పితే అడ్డగీత, నిలువుగా తిప్పితే నిలువుగీత, చేయి వంకరపోతే వంకరగీత. ఫోకస్ తప్పిన మసకకు దిశ ఉండదు. కెమెరా చలనం వల్ల వచ్చిన మసకకు దిశ ఉంటుంది. ఈ భేదం ముందుకు సాగేకొద్దీ మనకు అవసరమవుతుంది.

దిశ ఉన్నందువల్ల ఈ మసక అన్నిటినీ సమానంగా చెరపదు. కెమెరా కదిలిన దిశకు సమాంతరంగా ఉన్న అంచులు నిలుస్తాయి. అడ్డంగా ఉన్నవి కరిగిపోతాయి. అడవిలో కెమెరాను నిలువుగా కదిలిస్తే చెట్ల మానులు నిలిచి, పొదలూ కొమ్మలూ రంగుచారలవుతాయి. సముద్రతీరంలో అడ్డంగా కదిలిస్తే దిగంతరేఖ నిలిచి, అలలూ మనుషులూ పట్టీలుగా మారతారు. అంటే చేతి కదలికతో ఛాయాచిత్రకారుడు దేన్ని మిగల్చాలో, దేన్ని తుడిచేయాలో ఎంచుకుంటున్నాడు.

దీని పరిమాణాన్ని లెక్కకట్టవచ్చు. 50 మిల్లీమీటర్ల లెన్స్ ఉన్న 35 ఎం.ఎం. కెమెరాను సెకనుకు 10 డిగ్రీల వేగంతో నిలువుగా తిప్పుతూ 1/4 సెకను షట్టర్ తెరచి ఉంచితే, దూరంగా ఉన్న బిందువు ఫిల్మ్‌పై సుమారు 2.2 మిల్లీమీటర్ల గీతవుతుంది. ఫిల్మ్ ఎత్తు 24 మిల్లీమీటర్లు. కంటికి స్పష్టంగా తోచడానికి సాధారణంగా అంగీకరించే హద్దు 0.03 మిల్లీమీటర్లు. అంటే ఈ చిన్న కదలికతోనే ఆ హద్దును 70 రెట్లకు పైగా దాటిపోతాం. తిప్పే వేగాన్ని సగానికి తగ్గించినా, షట్టర్ సమయాన్ని సగానికి తగ్గించినా గీత పొడవు సగమవుతుంది. ఒకే చోట నిలబడి తీసిన రెండు చిత్రాలకు పోలిక లేకపోవడానికి కారణం ఇదే.

వెలుతురు కూడా ఒక నియమం విధిస్తుంది. ఎండలో ఐఎస్‌ఓ 100, ఎఫ్/16 వద్ద తగిన షట్టర్ సమయం సుమారు 1/100 సెకను. దాన్ని 1/4 సెకనుకు తీసుకురావాలంటే లోపలికి వచ్చే వెలుతురును 25 రెట్లు తగ్గించాలి. అందుకే ఈ పద్ధతిని అనుసరించేవారు న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టర్లు వాడతారు. లేదా ఉదయ సాయంకాలాలను ఎంచుకుంటారు.

3. చారిత్రక నేపథ్యం:

చలనాన్ని నిశ్చలచిత్రంలో పట్టడం గురించి ఇటలీలో 1910ల ఆరంభంలోనే తీవ్రమైన వాదం జరిగింది. ఆంటోన్ జూలియో బ్రగాలియా 1911 నుంచి కదిలే మనుషులను దీర్ఘసమయం చిత్రించి, తన సిద్ధాంతాన్ని 1913లో గ్రంథంగా వెలువరించాడు. ఫ్రాన్స్‌లో మారే చేసినట్లు చలనాన్ని ముక్కలుగా కోసి చూపడం శరీరశాస్త్రానికి పనికివస్తుందేమో గాని, ఒక స్థితికీ మరొక స్థితికీ మధ్యనున్న ప్రవాహం అందులో జారిపోతుందని ఆయన వాదం. బొచ్చోని మొదలైన ఫ్యూచరిస్టు చిత్రకారులు అదే సంవత్సరం ఆయనతో తమకు సంబంధం లేదని బహిరంగంగా ప్రకటించారు. చలనాన్ని ఆరాధించిన ఉద్యమమే చలనాన్ని చిత్రించిన కెమెరాను తిరస్కరించడం గమనించదగ్గది. అయితే బ్రగాలియా కెమెరా స్థిరంగానే ఉండేది. ఆయనది పైన చెప్పిన రెండో రకం మసక.

కెమెరా కదలికకు ప్రసిద్ధమైన తొలి ఉదాహరణ జాక్ ఆన్రి లార్తీగ్ తీసిన పందెపుకారు చిత్రం. దాన్ని ఆయన 1912 నాటిదిగా గుర్తించినా, 1913 గ్రాండ్ ప్రీలో తీసినదని తరువాతి పరిశీలకులు నిర్ణయించారు. కారును వెంబడిస్తూ కెమెరాను తిప్పినందువల్ల, షట్టర్ చీలిక ఫలకం మీదుగా నెమ్మదిగా జరిగినందువల్ల కారు చక్రం ముందుకు వాలింది. ఒడ్డునున్న ప్రేక్షకులు వెనక్కి వాలారు. కారు ముందుభాగం చట్రం బయటే ఉండిపోయింది. ఆనాటి కొలమానంతో చూస్తే ఇందులో అన్నీ దోషాలే. 1963లో న్యూయార్క్ ఆధునిక కళా ప్రదర్శనశాలలో లార్తీగ్ చిత్రాలు ప్రదర్శితమైన తరువాత ఈ చిత్రం వేగానికి ప్రతీకగా స్థిరపడింది. చిత్రం మారలేదు, సహృదయుడు మారాడు.

ఈ రెంటి నడుమ అలెక్సీ బ్రొదోవిచ్ 1945లో ప్రచురించిన 'బాలే' అనే గ్రంథం ఉంది. 1935–37 మధ్య రష్యన్ బాలే బృందాల ప్రదర్శనలను ఆయన ఫ్లాష్ లేకుండా, రంగస్థల దీపాల వెలుగులోనే 35 ఎం.ఎం. కెమెరాతో చిత్రించాడు. నర్తకులు వెలుగుమరకలుగా కరిగిపోయే 104 చిత్రాలు అందులో ఉన్నాయి. భంగిమను నిలబెట్టి చూపే నృత్యచిత్రాల నడుమ, ప్రదర్శన చూసి బయటికి వచ్చినవారి జ్ఞాపకంలో మిగిలేదాన్ని బ్రొదోవిచ్ ముద్రించాడని చెప్పవచ్చు.

4. ప్రమాణ నిర్ణయం: ధ్వని, గుణీభూతవ్యంగ్యం, చిత్రం:

ఆనందవర్ధనుడు తొమ్మిదవ శతాబ్దిలో ధ్వన్యాలోకంలో కావ్యాన్ని వ్యంగ్యార్థ ప్రాధాన్యాన్ని బట్టి విభజించాడు. వ్యంగ్యం ప్రధానమైతే ధ్వనికావ్యం. వ్యంగ్యం ఉన్నా వాచ్యానికి లోబడితే గుణీభూతవ్యంగ్యం. వ్యంగ్యంపై దృష్టి లేక శబ్దార్థ వైచిత్ర్యమే మిగిలితే అది 'చిత్రం'. దీనిని ఆయన కావ్యంగా కాక కావ్యానికి అనుకరణగానే లెక్కించాడు. అధమకోటికి ఆయన పెట్టిన పేరు 'చిత్రం' కావడం మన ప్రస్తుత విషయానికి యాదృచ్ఛికంగానే అయినా చక్కగా అమరింది.

ఛాయాచిత్రంలో వాచ్యం అంటే ఏమిటి? కెమెరా ముందు నిజంగా ఉన్న వస్తువు: ఈ చెట్టు, ఈ మనిషి, ఈ ఎద్దు. మసక ఈ వాచ్యాన్ని బలహీనపరుస్తుంది. వాచ్యం వెనక్కి తగ్గినప్పుడు కలిగిన ఖాళీలో మరో అర్థం స్ఫురిస్తే ధ్వని. ఏదీ స్ఫురించక రంగుచారలే మిగిలితే చిత్రం. ఈ విభజన ప్రకారం అడవిలో నిలువుగా కెమెరా కదిలించిన చిత్రాన్ని పరిశీలిద్దాం. చెట్టు పెరిగే దిశా, చేయి కదిలిన దిశా ఒకటే. చూసేవారికి మానులు పైకి ఎగబాకుతున్నట్లు తోస్తే, నిశ్చలమైన చెట్టులోని నెమ్మదైన చలనం వ్యంగ్యమైనట్లే. అదే కదలికను ఇళ్ల వరుసపైనో, పూలదుకాణంపైనో యాంత్రికంగా ప్రయోగిస్తే రంగుచారలు వస్తాయి. వాటికి ఆ వస్తువుతో సంబంధం కనిపించదు. మొదటిది ధ్వని, రెండవది చిత్రం.

ఇక్కడ ఒక శాస్త్రీయమైన ఆక్షేపణ రావచ్చు. ధ్వనిభేదాల్లో అత్యంతతిరస్కృతవాచ్యం ఉంది కదా, వాచ్యాన్ని పూర్తిగా తోసిపుచ్చినా ధ్వని సంభవిస్తుంది కదా, అలాంటప్పుడు వస్తువు ఆనవాలు లేకుండా పోయిన చిత్రాన్ని ఎందుకు తక్కువ చేయాలి? సమాధానం ఆ భేదం పేరులోనే ఉంది. తిరస్కరించడానికి ముందు వాచ్యం తెలియాలి. 'గుడ్డి అద్దం' అన్నప్పుడు గుడ్డితనం అనే ముఖ్యార్థం తెలిసినవానికే అది అద్దానికి పొసగదని తెలుస్తుంది. అప్పుడే అతడు మరో అర్థం వైపు నడుస్తాడు. మాట వినబడనివానికి తిరస్కారమూ లేదు, స్ఫురణా లేదు. ఛాయాచిత్రంలోనూ అంతే. పోయినది ఏమిటో తెలియడానికి ఒక అంచో, ఒక నీడో, కనీసం ఒక శీర్షికో మిగలాలి. కనుక మసకను అంచనా వేసేటప్పుడు అది ఎంత చెరిపిందన్న ప్రశ్నకన్నా ఏం మిగిల్చిందన్న ప్రశ్న ముందు అడగాలి.

5. ఎర్న్‌స్ట్ హాస్: పాంప్లోనా చిత్ర పరిశీలన:

ఎర్న్‌స్ట్ హాస్ 1921లో వియన్నాలో జన్మించి 1986లో న్యూయార్క్‌లో మరణించాడు. రెండో ప్రపంచయుద్ధం తరువాత వియన్నాకు తిరిగివస్తున్న యుద్ధఖైదీల చిత్రాలతో ఆయనకు పేరు వచ్చింది. ఆ వరుసలోని ఒక చిత్రంలో ఒక తల్లి తిరిగిరాని కొడుకు ఫొటోను చేత్తో పైకెత్తి చూపుతుంది. ఎవరో సైనికుడు నవ్వు ముఖంతో ఆమె పక్కనుంచి సాగిపోతాడు. ఆమె ఆతురతా, అతని నవ్వూ ఒకే చట్రంలో చదవగలిగినందువల్లనే అక్కడ కరుణ పుట్టింది. ఆ చిత్రాన్ని మసకబరచి ఉంటే రసమే ఉండేది కాదు. దీన్నిబట్టి మసకను ఆశ్రయించిన హాస్, స్పష్టతతో ఏం సాధించవచ్చో ఎరిగినవాడేనని గ్రహించాలి.

'లా సూయెర్తె దె కాపా' అనే చిత్రం 1956 నాటిది. ఆ పేరుకు బుల్‌ఫైట్‌లో పెద్ద కేప్‌తో ఎద్దును ఆడించే ఘట్టమని అర్థం. మనిషి, కేప్, ఎద్దు విడివిడి ఆకారాలుగా నిలవక ఒకే సుడిలో కలిసిపోతాయి. మనిషి ముఖకవళికలు అందవు. ఎద్దు ముదురు రూపంగా, కేప్ విసురుగా మిగులుతాయి. ఎవరు ఎవరిని ఆడిస్తున్నారో తెలియని క్షణం అది.

ఆనాటి కలర్ ఫిల్మ్ వేగం తక్కువ కాబట్టి మసక తప్పనిసరి అయిందనీ, హాస్ ఆ పరిమితినే శైలిగా మార్చుకున్నాడనీ ఒక వివరణ ప్రచారంలో ఉంది. ఇది సగం నిజం. 1956 నాటి డేలైట్ కోడాక్రోమ్ వేగం ఏఎస్‌ఏ 10. ఎండలో ఎఫ్/16 వద్ద దానికి కావలసిన షట్టర్ సమయం సుమారు 1/10 సెకను. కాని లెన్స్‌ను ఎఫ్/2.8కి తెరిస్తే 1/300 సెకను దాకా వెళ్లవచ్చు. ఆ వేగంతో ఎద్దును చాలావరకు స్పష్టంగానే పట్టవచ్చు. ఎండపడే ఇసుకలో మసక ఫిల్మ్ విధించిన శిక్ష కాదు. కళాకారుడు చేసిన ఎంపిక. అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే అక్కడ వివక్ష ఉంది. వివక్ష ఉన్నచోటే విమర్శకు అవకాశమూ, కళాకారునికి బాధ్యతా ఉంటాయి.

ఈ ఎంపిక వల్ల లాభం స్పష్టం. స్పష్టమైన బుల్‌ఫైట్ చిత్రం ఒక ఫలితాన్ని చూపుతుంది: కొమ్ము ఎక్కడ ఉంది, కాలు ఎక్కడ పడింది, కత్తి ఎక్కడ దిగింది. హాస్ చిత్రం కేప్ చుట్టూ తిరిగే లయను చూపుతుంది. మనిషికీ జంతువుకూ మధ్య గీత చెరగడం వల్ల ఇద్దరూ ఒకే ప్రమాదంలో ఉన్నారన్న భావం వ్యంగ్యమవుతుంది. వాచ్యం పూర్తిగా పోలేదు; ఎద్దును ఎద్దుగా గుర్తించగలం. కనుక ఇది ధ్వనికోటికి చెందుతుందని చెప్పడానికి సందేహించనక్కరలేదు.

నష్టం కూడా ఉంది. బుల్‌ఫైట్ మూడు అంకాల క్రీడ. మొదటిదానిలో పెద్ద కేప్‌తో ఆట, గుర్రంపైనుంచి ఈటెపోట్లు. రెండవదానిలో అలంకరించిన శూలాలు గుచ్చడం. మూడవదానిలో చిన్న ఎర్రగుడ్డ, చివరికి కత్తి. సాధారణంగా ఎద్దు చావుతోనే ఆట ముగుస్తుంది. మసకకు ఎరుపు రంగులో భేదం తెలియదు. గుడ్డ ఎరుపూ, నెత్తురు ఎరుపూ దానికి ఒకే పూత. అద్భుతం పెరిగేకొద్దీ కరుణ, బీభత్సాలు కనుమరుగవుతాయి. 'లైఫ్' శీర్షికలోని చిక్కు ఇదే: శీర్షిక క్రౌర్యాన్ని ఒప్పుకుంటుంది, మసక దాన్ని కంటికి తగలనివ్వదు.

అయితే ఈ ఒక్క చిత్రం విషయంలో హాస్ పక్షాన చెప్పవలసినది ఉంది. ఆయన పెట్టిన పేరు ఘట్టాన్ని నిర్దేశిస్తోంది. కేప్ ఘట్టంలో ఎద్దు ఇంకా తన బలంతో ఉంటుంది. అక్కడ ప్రధానం చలనమే. చలనం ప్రధానమైన ఘట్టంలో చలనం వల్ల కలిగిన మసక ఉచితం. అదే మసకతో కత్తి దిగే ఘట్టాన్ని చిత్రిస్తే వేరే తీర్పు చెప్పవలసి ఉంటుంది. అక్కడ ప్రధానం చలనం కాదు, చలనం ఆగిపోవడం. చావును రంగులసుడిగా చూపడం రసవిరుద్ధం.

6. ఔచిత్యం: ఎక్కడ, ఎంత?

పై తీర్పుకు ఆధారం క్షేమేంద్రుడు. పదకొండవ శతాబ్దిలో ఔచిత్యవిచారచర్చలో ఆయన ఔచిత్యాన్ని రసవంతమైన కావ్యానికి ప్రాణంగా నిరూపించాడు. పదం మొదలుకొని రసం దాకా ప్రతి అంగానికీ అది వర్తిస్తుంది. నగ ఎంత విలువైనదైనా తగినచోట లేకపోతే నవ్వులపాలు చేస్తుందన్నది ఆయన వాదసారం.

నృత్యచిత్రాల్లో ఈ సూత్రం మరింత విశదమవుతుంది. బ్రొదోవిచ్ బాలే చిత్రాల్లో మసక పొసగడానికి కారణం దేహరేఖా గమనాలకు ఆ నృత్యంలో ఉన్న ప్రాధాన్యం. మన కూచిపూడికి దీన్ని యథాతథంగా అన్వయించలేం. జతులకు ఆడే నృత్తభాగంలో లయే ప్రధానం కాబట్టి మసక నిలుస్తుంది. పదాభినయంలో హస్తమూ చూపూ అర్థవాహికలు. వేలు చెదిరితే పతాకమో త్రిపతాకమో తెలియదు. అక్కడ మసక మాటను మింగేసినట్లే. తరంగంలో పళ్ళెం అంచున నిలిచిన పాదాల సంగతి మరీ సున్నితం. పళ్ళెం కదులుతుంటే పాదం పట్టు తప్పకపోవడమే అక్కడి విశేషం. కెమెరాను కదిలించి ఆ పట్టును చెరిపేస్తే నర్తకి సాధన మొత్తం చెరిగినట్లే. ఒకే ప్రదర్శనలో, ఒకే నర్తకి విషయంలో మసక ఒకచోట గుణం, మరొకచోట దోషం.

కుంతకుని వక్రోక్తి వైపునుంచి మరొక మాట చెప్పుకోవాలి. లోకప్రసిద్ధమైన మాటతీరును దాటిన వైచిత్ర్యమే వక్రత. ఒక వక్రప్రయోగం పదేపదే వాడుకలోకి వస్తే రూఢమై వైచిత్ర్యం కోల్పోతుంది. నిలువుగా చెరిపిన అడవి, అడ్డంగా చెరిపిన సముద్రం నేడు ఆ స్థితికి చేరువయ్యాయి. తొలి చూపులో ఆశ్చర్యం కలిగించిన పద్ధతి పదోసారి అలవాటవుతుంది. ఫోన్లలోనూ, సాఫ్ట్‌వేర్‌లోనూ స్పష్టమైన చిత్రాన్ని తీసిన తరువాత దిశ కలిగిన మసకను పూయగలగడం ఈ రూఢిని మరింత వేగవంతం చేసింది.

7. ఆక్షేపణలు – సమాధానాలు:

ఈ చిత్రాల్లో యాదృచ్ఛికత ఎక్కువ కదా, చేయి కదిలించినవానికి ఫలితం ముందుగా తెలియదు కదా, అలాంటప్పుడు వివక్షను ఎలా ఆపాదిస్తాం అన్నది మొదటి ప్రశ్న. కెమెరా కదిలించడంతో కళ ముగియదు. డిజిటల్ కెమెరా తెరపై ఫలితం వెంటనే కనిపిస్తుంది. వందల ప్రయత్నాల్లో ఒకటి నిలుస్తుంది. ఆ ఒక్కదాన్ని నిలపడమూ, మిగిలినవి తొలగించడమూ ఎంపికే. యాదృచ్ఛికంగా పుట్టినదాన్ని బుద్ధిపూర్వకంగా స్వీకరించినప్పుడు దాని గుణదోషాలు కర్తకే చెందుతాయి.

శబ్దం కోసం పుట్టిన శాస్త్రాన్ని చిత్రానికి అన్వయించడం అతివ్యాప్తి కాదా అన్నది రెండవ ప్రశ్న. మాటకూ అర్థానికీ ఉన్న సంబంధం సంకేతం వల్ల ఏర్పడింది. ఛాయాచిత్రానికీ వస్తువుకూ ఉన్న సంబంధం వెలుతురు వల్ల ఏర్పడింది. ఈ తేడాను విస్మరించకూడదు. ఆ తేడా మన ప్రమాణాన్ని మరింత కఠినం చేస్తుందే గాని సడలించదు. కవి చెప్పిన ఎద్దు కల్పితం కావచ్చు. హాస్ కెమెరా ముందున్న ఎద్దు నిజంగా బతికినదే. కాబట్టి ఛాయాచిత్రంలో వాచ్యాన్ని తుడిచేయడానికి కవికన్నా ఎక్కువ కారణం చూపవలసి ఉంటుంది.

8. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. కెమెరా చలనం వల్ల కలిగే మసకకు దిశ ఉంది. దిశకూ వస్తుస్వభావానికీ పొందిక కుదిరినప్పుడు మసక అర్థవంతమవుతుంది.

2. వస్తువును వెనక్కి నెట్టి మరో అర్థాన్ని స్ఫురింపజేసే మసక ధ్వనికోటికి చెందుతుంది. రంగుల వైచిత్ర్యంతో ఆగిపోయేది చిత్రకోటికి చెందుతుంది. వాచ్యం ఆనవాలు కొంతైనా మిగలనిదే ధ్వనికి ఆధారం ఉండదు.

3. హాస్ పాంప్లోనా చిత్రంలోని మసక ఫిల్మ్ పరిమితి వల్ల మాత్రమే వచ్చినది కాదు. కేప్ ఘట్టానికి అది ఉచితం. వధఘట్టానికి అదే పద్ధతిని విస్తరిస్తే అనుచితమవుతుంది.

4. నృత్తానికి తగిన మసక అభినయానికి తగదు. కాబట్టి ఈ పద్ధతిని మొత్తంగా మెచ్చుకోవడంగాని, మొత్తంగా తోసిపుచ్చడంగాని విమర్శ కాదు. ప్రతి చిత్రాన్నీ దాని సందర్భంలో తూచవలసిందే.

మసకచిత్రం ముందు నిలిచిన సహృదయుడు అది అందంగా ఉందని సంతోషించడంలో తప్పులేదు. ఆ సంతోషం తరువాత, చెరిగినది ఎవరి ముఖమని, ఎవరి నెత్తురని ఒక్కసారి అడగడం మాత్రం అతని ధర్మం. వియన్నా తల్లి చేతిలోని ఫొటో చెరగకుండా నిలిచినందువల్లనే మనకు ఆమె దుఃఖం తెలిసింది. ఆ చిత్రాన్నీ పాంప్లోనా చిత్రాన్నీ తీసిన చేయి ఒకటే కావడం, మసకను గురించి మనం మరచిపోకూడని పాఠం.